గాలిలో వాటా

అనంతపురం కొండల మీద తిరిగే రెక్కలకు డెన్మార్క్‌తో ఓ చుట్టరికం ఉంది. యంత్రం వచ్చింది సరే... దాని వెనకున్న అలవాటు వచ్చిందా?

ఆషాఢం వచ్చిందంటే అనంతపురం పల్లెల్లో గాలికి పట్టపగ్గాలుండవు. ఇంటి మీది రేకులు దడదడలాడతాయి. ఆరేసిన చీర వెళ్లి కంపచెట్టుకు చుట్టుకుంటుంది. వేరుసెనగ విత్తనం సిద్ధం చేసుకున్న రైతు మాత్రం ఆకాశం కేసి చూస్తుంటాడు. పడమటి నుంచి మబ్బులు వస్తాయి... ఆగకుండా వెళ్లిపోతాయి. గాలిలోని తడినంతా పశ్చిమ కనుమలే పిండేసుకుంటాయి. వాటి చాటునున్న ఈ పీఠభూమికి మిగిలేది పొడిగాలే. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడిన ఏడు!

సరిగ్గా ఆ రోజుల్లోనే కొండల మీద గాలిమరలు జోరందుకుంటాయి. నేల మీద మనిషి దిగాలుగా కూర్చుంటే, పైన రెక్కలు హుషారుగా తిరుగుతుంటాయి. అందుకేనేమో, 'ఈ ఫ్యాన్లే మబ్బుల్ని తోలేస్తున్నాయప్పా' అన్న మాట ఇక్కడి పల్లెల్లో చాలాచోట్ల వినిపిస్తుంది. రామగిరి వైపైనా, వజ్రకరూరు, బెళుగుప్ప వైపైనా అదే మాట.

శాస్త్రం ఈ మాటను ఒప్పుకోదు. ఎంత పెద్ద గాలిమర అయినా రెక్క కొస నేల నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. వాన తెచ్చే మబ్బుల వ్యవస్థ కిలోమీటర్ల మందంతో, వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. పైగా కరువు ఈ సీమకు కొత్త చుట్టం కాదు. 1876-78 నాటి మహాకరువు కాలానికి ఇక్కడ ఒక్క గాలిమరా లేదు. అనంతపురం జిల్లా అన్నదే ఇంకా లేదు. బళ్లారి నుంచి విడదీసి దాన్ని ఏర్పాటు చేసింది 1882లో.

అయినా ఆ మాటను నవ్వి కొట్టిపారేయడం తప్పు. అందులో ఇంకో నిజం దాగుంది. తనది కాని వస్తువు మీదే మనిషికి అనుమానం పుడుతుంది. కొండ ఊరిది, గాలి ఊరిది, దుమ్ము ఊరిది... కరెంటు మాత్రం తీగల మీద ఎటో వెళ్లిపోతుంది. దాని డబ్బు ఇంకెటో వెళుతుంది. అలాంటప్పుడు వాన రాకపోతే నింద దాని మీద పడక ఎక్కడ పడుతుంది?

ఇదే యంత్రంతో వందేళ్లకు పైగా కాపురం చేస్తున్న దేశం ఒకటుంది. అక్కడివాళ్లు గాలిమరను చూసే చూపు వేరు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ దేశం సంగతి తెలియాలి.

బీదరికంతోనే మొదలు

డెన్మార్క్ అనగానే చలి, సైకిళ్లు, సంతోషంగా ఉండే దేశాల జాబితాలో పైవరస... ఇవే గుర్తొస్తాయి. నిజానికి అది చిన్న దేశం. విస్తీర్ణం దాదాపు 43 వేల చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా ఒక్కటే 19 వేల పైచిలుకు. అంటే రెండున్నర అనంతపురాలు కలిపితే డెన్మార్క్ కంటే పెద్దవే! జనాభా చూస్తే అక్కడ దాదాపు 60 లక్షలు. ఉమ్మడి జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే 40 లక్షల 80 వేలు.

అది మొదటి నుంచీ కలిగిన దేశమేం కాదు. 1864లో ప్రష్యా, ఆస్ట్రియాలతో యుద్ధంలో ఓడి, దక్షిణాన ఉన్న సారవంతమైన భూభాగాన్ని పోగొట్టుకుంది. మిగిలిన దాంట్లో జట్లాండ్ పడమటి భాగమంతా ఇసుక నేల. తుప్పలు తప్ప ఏమీ మొలవదు. సముద్రం మీంచి వచ్చే గాలి ఉన్న కాస్త మన్నునూ లేపుకుపోయేది. గాలి, బీడు, బీదరికం... అనంతపురం మనిషికి విడమరిచి చెప్పక్కర్లేని బతుకే.

బయట పోగొట్టుకున్నదాన్ని లోపల సంపాదించుకుందాం అన్నది అప్పటి వాళ్ల పట్టుదల. ఎన్రికో డల్గాస్ అనే ఇంజినీరు మరికొందరితో కలిసి 1866లో బీడు భూముల సంఘం ఒకటి పెట్టాడు. చెట్లు నాటారు. ఎదగలేదు. చివరికి ఒక కిటుకు దొరికింది. పెద్దగా పెరిగే స్ప్రూస్ మొక్క పక్కన, మొండిగా బతికే కొండ పైన్ మొక్కను నాటితే రెండోదాని అండతో మొదటిది నిలదొక్కుకుంటోంది. అలా తోడు మొక్కల సాయంతో వరసలు వరసలుగా చెట్లు లేచాయి. గాలి వేగం తగ్గింది. చెట్ల చాటున పొలాలు వచ్చాయి.

ఒక మొక్కను ఇంకో మొక్క పెంచినట్టే, ఒక రైతును ఇంకో రైతు నిలబెట్టే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే బలపడింది. డెన్మార్క్ అసలు కథ అదే.

తలకో ఓటు... ఆవుకు కాదు

1870ల తర్వాత అమెరికా, రష్యాల నుంచి చౌక ధాన్యం ఓడల్లో వచ్చి పడింది. డెన్మార్క్ రైతు పండించిన గోధుమకు ధర లేకుండా పోయింది. మద్దతు ధర కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా వాళ్లు పంటే మార్చేశారు. ధాన్యాన్ని పశువులకు పెట్టి వెన్న, పంది మాంసం అమ్మడం మొదలెట్టారు. పాల నుంచి మీగడను తిప్పి వేరుచేసే యంత్రం అప్పుడే వచ్చింది. కానీ దాన్ని ఒక్క రైతు కొనలేడు. అందుకే 1882లో జట్లాండ్ పడమటి భాగంలోని యెడ్డింగ్ అనే పల్లెలో రైతులు కలిసి తొలి సహకార డెయిరీ పెట్టారు. అందరి పాలూ ఒకచోట చేరతాయి. వెన్న అమ్మగా వచ్చిన డబ్బు పోసిన పాలను బట్టి పంచుకుంటారు. మీగడ తీసిన పాలు తిరిగి ఇంటికే వస్తాయి, పందులకు మేతగా.

ఇందులో ఒక నియమం ఉంది. రెండు ఆవులున్నవాడికీ ఒక ఓటే, యాభై ఆవులున్నవాడికీ ఒక ఓటే. ఓట్లు మనుషుల తలలను బట్టి లెక్కించాలి, పశువుల తలలను బట్టి కాదు అని డేన్లు సరదాగా చెప్పుకొంటారు. ఆ సరదా మాటే దేశాన్ని మార్చింది. 20 ఏళ్లు తిరిగేసరికి ఆ చిన్న దేశంలో సహకార డెయిరీలు వెయ్యి దాటాయి. మన ఆనంద్ పాల ఉద్యమం రావడానికి అరవై ఏళ్లకు ముందు మాట ఇది.

పల్లెటూరి రైతుకు ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? బడి నుంచి. గ్రుండ్‌విగ్ అనే మతాచార్యుడి ఆలోచనలతో 1844లో రోడింగ్ అనే ఊళ్లో 'ఫోక్ హైస్కూల్' మొదలైంది. పేరుకి హైస్కూలే గానీ చదివేది పెద్ద పిల్లలు. పొలం పనులు లేని చలికాలంలో వచ్చి అక్కడే ఉండి చదువుకునేవారు. పరీక్షలు లేవు, మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. చరిత్ర, పాటలు, చర్చలు, లెక్కలు, చేతిపనులు... ముఖ్యంగా నలుగురిలో లేచి మాట్లాడటం. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మన ఇళ్లకు ఈ బడి వింతగా తోస్తుంది. పరీక్ష లేని బడితో ఏం ఒరుగుతుంది అనిపిస్తుంది. ఒరిగిందేమిటో చూడాలంటే ఆస్కోవ్ వెళ్లాలి.

బడిలో పుట్టిన కరెంటు

ఆస్కోవ్‌లోనూ అలాంటి బడే ఉంది. అందులో పాఠాలు చెప్పే పోల్ లా కూర్ 1891లో గాలిమరతో కరెంటు తీసే ప్రయోగం మొదలెట్టాడు. గాలి ఆగితే దీపం ఆరిపోతుంది కదా! అందుకని ఆ కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను నిల్వ చేసి, దాంతో బడిలో దీపాలు వెలిగించాడు. ఇప్పుడు ప్రపంచమంతా 'గ్రీన్ హైడ్రోజన్' అంటూ మాట్లాడుకుంటోంది. ఒక పల్లె బడి పంతులు నూటముప్పై ఏళ్ల కిందటే ఆ దారిలో నడిచాడు.

అంతటితో ఆగలేదు. పల్లెల్లో కరెంటు పని చేసేవాళ్లకు ఆయన శిక్షణ ఇచ్చాడు. పట్నాల్లో దీపాలు వెలిగాయి సరే, పల్లెల మాటేమిటి అన్నది ఆయన పట్టింపు. ఆయన దగ్గర నేర్చుకున్న యోహానెస్ యూల్ 1957లో గెడ్సర్ దగ్గర 200 కిలోవాట్ల మరను నిలబెట్టాడు. మూడు రెక్కలతో తిరిగే ఆ నమూనాకే ఇప్పటి మరలు వారసులు.

1973 చమురు సంక్షోభం వచ్చేనాటికి డెన్మార్క్ వాడే ఇంధనంలో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకున్న చమురే. ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. అప్పుడు గాలిమరల మీద మొదట చేయి వేసింది పెద్ద కంపెనీలు కాదు... వడ్రంగులు, కమ్మరులు, పల్లె మెకానిక్కులు. ప్రపంచంలోనే పెద్ద గాలిమరల కంపెనీల్లో ఒకటైన వెస్టాస్ కూడా 1898లో లెమ్ అనే ఊళ్లో కమ్మరి కొలిమిగా మొదలైందే.

మర ఖరీదు ఎక్కువ. ఒక్కరు కొనలేరు. అప్పుడు పాత డెయిరీ అలవాటే అక్కరకొచ్చింది. ఊరివాళ్లు సంఘంగా చేరి, తలా కొన్ని వాటాలు వేసుకుని, మర కొనుక్కుని, కరెంటు అమ్ముకోవడం మొదలెట్టారు. 2000 సంవత్సరం నాటికి అలా గాలిమరల్లో వాటాలున్న కుటుంబాలు లక్ష దాటాయి. అదే ఏడాది కోపెన్‌హాగెన్ తీరాన సముద్రంలో లేచిన 20 మరల్లో సగం, 8 వేల మందికి పైగా సభ్యులున్న ఓ సహకార సంఘానివి. ముగ్గురు డేన్లు కలిస్తే ఒక సంఘం పెడతారని వాళ్ల మీద వాళ్లే వేసుకునే జోకు ఊరికే పుట్టలేదు.

ఒక దీవి కథ

సామ్సో అనే దీవి సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. జనం నాలుగు వేలకు అటూ ఇటూ. ఎక్కువ మంది బంగాళదుంపలు, కూరగాయలు పండించే రైతులు. రోడ్డు పక్కన ఓ బల్ల మీద దుంపల సంచులు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా పెట్టి వెళ్లిపోతారు. కావలసినవాళ్లు సంచి తీసుకుని, డబ్బాలో డబ్బు వేస్తారు. కాపలా ఎవరూ ఉండరు.

1997లో, పదేళ్లలో పూర్తిగా సొంత ఇంధనంతో బతికే దీవిగా మారి చూపించాలన్న ప్రభుత్వ పోటీలో ఈ దీవి గెలిచింది. అప్పటిదాకా బొగ్గు కరెంటు సముద్రం అడుగున తీగల మీద వచ్చేది. చలి కాచుకోవడానికి నూనె ఓడల్లో దిగేది. పోటీ గెలిచినంత మాత్రాన రైతులు ఎగిరి గంతేయలేదు. 'మా కిటికీలోంచి కనిపించేది సముద్రం... అడ్డంగా మీ మరేంటి?' అన్నవాళ్లున్నారు. రైతు కొడుకు, పంతులుగా పనిచేసిన సోరెన్ హెర్మాన్‌సెన్ అక్కడివాడే. ఇంటింటికీ, సమావేశం తర్వాత సమావేశానికి తిరిగాడు. మన దగ్గర రచ్చబండ ఎలాగో అక్కడ కాఫీ బల్ల అలాగ.

చివరికి 2000లో నేల మీద 11 మరలు, 2003లో సముద్రంలో 10 మరలు లేచాయి. నేల మీదివి చాలావరకు రైతులవి, మిగిలినవి చిన్న వాటాదార్లవి. సముద్రంలోని పదింటిలో ఐదు దీవి మునిసిపాలిటీవి. ఇళ్లకు వేడి ఇవ్వడానికి పొలాల్లో మిగిలిన గడ్డినే కాలుస్తారు. తాము వాడుకునే కరెంటు కంటే ఎక్కువే తీసి బయటికి పంపే స్థాయికి ఆ దీవి చేరింది. మునుపు మర కనిపిస్తే విసుక్కున్నవాళ్లే పొద్దున్నే లేచి రెక్క తిరుగుతోందా లేదా అని చూడటం మొదలెట్టారు. మరి అందులో తమ డబ్బు ఉంది కదా!

అలాగని డెన్మార్క్‌ను స్వర్గం అనుకోనక్కర్లేదు. బడి, ఆసుపత్రి, విశ్వవిద్యాలయం ఉచితం అంటే అందుకు తగ్గ పన్నులూ ఉంటాయి. కొన్న దాదాపు ప్రతి వస్తువు మీదా 25 శాతం పన్ను. మరల సైజు పెరిగి, కోట్ల పెట్టుబడి కావలసి వచ్చేసరికి అక్కడా పెద్ద కంపెనీలదే పైచేయి అయింది. పల్లెల్లో వ్యతిరేకత మొదలైంది. దాన్ని చల్లార్చడానికి 2009 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. కొత్త మర పెట్టే కంపెనీ కనీసం 20 శాతం వాటాలను నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉండే ఇరుగుపొరుగులకు ముందుగా ఇవ్వజూపాలి. 2020లో ఆ నిబంధన తీసేసి, దగ్గర్లోని ఇళ్లకు ఏటా డబ్బు ముట్టజెప్పే పద్ధతి తెచ్చారు. అంటే అక్కడా ఈ లెక్క తేలిపోలేదు. కాకపోతే, పొరుగువాడికి ఏం దక్కాలి అన్న ప్రశ్న చట్టసభలో నిలబడింది. దేశం వాడే కరెంటులో దాదాపు సగం గాలి నుంచే వస్తోందంటే దాని వెనక ఆ ప్రశ్న కూడా ఉంది.

కల్పవల్లి చెప్పే సంగతి

ఇక మన కొండలకు వద్దాం. గాలి కరెంటులో మన దేశానికి తొలి పాఠాలు చెప్పిన దేశాల్లో డెన్మార్క్ ఒకటి. 1980ల చివర ఆ దేశ సాయంతో గుజరాత్‌లోని లాంబాలో, తమిళనాడులో మరలు వెలిశాయి. తర్వాత మన కంపెనీలు కొన్ని డెన్మార్క్ కంపెనీలతో జత కట్టి ఇక్కడే మరలు తయారుచేశాయి. 1990ల్లో రామగిరి కొండలు కూడా గాలిమరలెత్తుకున్నాయి. ఆ తర్వాత ఉమ్మడి జిల్లా నలుమూలలా విస్తరించాయి. ఇప్పుడు రాష్ట్రం మొత్తం మీద గాలి కరెంటు సామర్థ్యం నాలుగు వేల మెగావాట్లు దాటింది. అందులో సింహభాగం రాయలసీమదే.

యంత్రం వచ్చింది. వాటా రాలేదు. 'మనవాళ్లకు సంఘాలు నడపడం చేతకాదు, అది డేన్లకే చెల్లింది' అని సరిపెట్టుకుందామా అంటే... రామగిరి పక్కనే దానికి జవాబుంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ గురించి చాలామంది వినే ఉంటారు. ఆ సంస్థ చేయూతతో చుట్టుపక్కల పల్లెలవాళ్లు బోడి కొండలకు కాపలా కాయడం మొదలెట్టారు. నిప్పు పడకుండా చూశారు. మేతకు కట్టుబాట్లు పెట్టుకున్నారు. విత్తనాలు చల్లారు. నేలలో దాక్కున్న వేళ్లు చిగురు వేశాయి. అలా ఏడు వేల ఎకరాలకు పైగా పచ్చబడింది. అదే కల్పవల్లి. కప్పులకు బోద గడ్డి, చాపలకు ఈత ఆకు, గొర్రెలకు మేత, చెరువుల్లోకి ఊట. తోడేళ్లు, నెమళ్లు తిరిగొచ్చాయి. ఊళ్లవాళ్లు సహకార సంఘంగా ఏర్పడి అడవిని చూసుకున్నారు. జట్లాండ్ బీడు మీద డల్గాస్ మనుషులు చేసిన పనికి ఇది ఏ విధంగానూ తీసిపోదు. అదీ సగటు 550 మిల్లీమీటర్ల వానతో!

కానీ రెవెన్యూ రికార్డుల్లో ఆ నేల పేరు మారలేదు. అది 'బంజరు'. 2010 తర్వాత ఆ కొండల శిఖరాల మీద ఓ ప్రైవేటు ప్రాజెక్టు గాలిమరలు లేచాయి. భారీ రెక్కలు మోసుకొచ్చే లారీల కోసం కొండలు తొలిచి రోడ్లు వేశారు. చెట్లు పోయాయి, వాగుల దారి చెదిరింది, మన్ను కోసుకుపోయింది అంటూ ఊళ్లవాళ్లు, కలెక్టివ్ 2013లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ తలుపు తట్టారు. మన దేశంలో గాలిమరల ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావం మీద ముందస్తు అధ్యయనం తప్పనిసరి కాదు. 2006 నాటి నోటిఫికేషన్‌లో వాటికి చోటే లేదు. అందుకని ముందుగా ఊరిని కూర్చోబెట్టి అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఇదే కథ సామ్సోలో ఎలా నడిచిందో చూశాం. గాలిలో తేడా లేదు. మరలోనూ తేడా లేదు. తేడా అంతా అడగడంలో ఉంది. అక్కడ కాఫీ బల్ల ముందు కూర్చున్నాకే పునాది తవ్వారు. ఇక్కడ పునాది తవ్వాక ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వచ్చింది. మరే కాలుష్యమూ లేని కరెంటును కూడా ఊరికి శత్రువుగా నిలబెట్టడం మనకే సాధ్యమైంది.

ముందున్నది పెద్ద పండగ

2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. రామగిరి, చెన్నేకొత్తపల్లి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. గీత ఎక్కడ గీసినా గాలీ ఎండా రెండు వైపులా ఒకటే. ఎన్‌పీ కుంటలో సోలార్ పలకలు ఎకరాల మీద ఎకరాలు పరుచుకున్నాయి. 2024లో రాష్ట్రం కొత్త స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. ఇకమీద వచ్చే ప్రాజెక్టుల ముందు ఇప్పటిదాకా వచ్చినవి చిన్నవిగా కనిపిస్తాయి. బంజర్లు, కొండలు, మెట్ట చేలు... ఇన్నాళ్లూ ఎవరికీ పట్టని నేలకు గిరాకీ వచ్చింది. ఈ గిరాకీలో పల్లె వాటా ఎంత? కౌలు డబ్బు, రెండు మూడు కాపలా ఉద్యోగాలు... అంతేనా?

అంతకంటే ఎక్కువ అడగడానికి కావలసిన సరంజామా మన దగ్గర లేకపోలేదు. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాల కోసం 1995లోనే మనకు పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. దాని నీడలో పొదుపు సంఘాలు పెరిగాయి. టింబక్టు ప్రాంతంలోనే కొర్ర, సామ, అరికె పండించే రైతులు 2008 నుంచి 'ధరణి' పేరుతో సొంత సహకార సంఘం నడుపుకొంటున్నారు. పండించడం, శుద్ధి చేయడం, అమ్మడం అన్నీ సభ్యులవే. 2019లో కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్ పథకంలో బీడు భూముల్లో రెండు మెగావాట్ల దాకా సోలార్ కేంద్రాలు పెట్టుకునే వీలుంది. ఒక్క రైతే పెట్టక్కర్లేదు. రైతుల బృందాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా పెట్టొచ్చు. బ్యాంకు అప్పు, కరెంటు కొనుగోలు ఒప్పందం, బకాయిలు... దారిలో ముళ్లు ఉన్నాయి. యెడ్డింగ్ రైతులకూ మీగడ యంత్రం పూలపాన్పు మీద రాలేదు.

డెన్మార్క్‌ను చూసి నేర్చుకోవాల్సింది చలి దేశపు తళుకులు కాదు. రెండు ఆవులవాడికీ యాభై ఆవులవాడికీ ఒకటే ఓటు అన్న ఆ పాత పట్టుదలను. పొదుపు సంఘంలో కూర్చున్న మన ఆడవాళ్లకు ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. పదిమందిలో చిట్టా పుస్తకం తెరిచి, రూపాయి రూపాయి సరిచూసుకోవడం వాళ్లకు ముప్పై ఏళ్ల అలవాటు. రేపు ఏ కంపెనీవాళ్లో కొండ కొలతలకు వచ్చినప్పుడు గ్రామసభలో లేచి 'ఇందులో మా ఊరి వాటా ఎంత?' అని అడగాల్సిందీ వాళ్లే. జవాబు కాగితం మీద రాయించుకున్నాకే గునపం కొండ మీద దిగాలి.